ముందు ఏ చెయ్యి?

"దుకాణం ఇచ్చేశాను" అన్నారు మా ఆయన, తువ్వాలు ఎక్కడుందని అడిగే గొంతుతోనే.

నేను గౌను భుజానికి టిచ్ బటన్లు కుడుతున్నాను. పళ్ళ మధ్య దారం ఉంది కాబట్టి వెంటనే మాట రాలేదు. దారం తీసి, "ఇచ్చేశారా? ఎవరికి?" అన్నాను.

"అదే, బట్టల కొట్టు ఉంది కదా, మావాడు. వాడికి మాటిచ్చేశాను. ఆదివారం పొద్దున వస్తాడు, సంతకాలు పెట్టుకుంటాం. వాడి దగ్గర పాతిక మిషన్లున్నాయి. నువ్వు ఒక్క గౌనుకి ఒక పూట పట్టిస్తావు, వాడు పూటకి వంద దింపుతాడు. నీకూ హాయి. ఇల్లు కూడా మళ్ళీ ఇల్లులా ఉంటుంది. ఎక్కడ కాలుపెట్టినా బటనో, సూదో!"

ఇచ్చేశాను. పాత పేపర్లు ఇచ్చేసినట్టు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఏమిటో అనుకునేదాన్ని, భార్య సొమ్ము భర్త దానం చేస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నాకు కోపం వచ్చింది. కానీ కోపం కన్నా ముందు భయం వేసింది, ఎందుకంటే ఆయన ఇచ్చెయ్యగలరు. నిజంగానే ఇచ్చెయ్యగలరు. రెండేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో ఈ దుకాణం తెరిచేటప్పుడు ఫోన్ నంబరూ, గుర్తింపు కార్డూ, బ్యాంకు వివరాలూ అడిగితే, "నా పేరు పెట్టేద్దాంలే, నీకెందుకా తలనొప్పి" అన్నారు. నేను "థాంక్సండీ" అన్నాను! ఆ రోజు నన్ను నేను గిల్లుకుని ఉండాల్సింది. దుకాణం పేజీ మీద యజమాని అని ఉన్నచోట ఆయన ఫొటో ఉంటుంది, కోటు వేసుకుని, చిరునవ్వుతో. సూదిలో దారం ఎటువైపు నుంచి ఎక్కించాలో కూడా తెలియని మనిషి. కొన్నవాళ్ళందరూ "సార్, మీ గౌను చాలా బాగుంది" అని రాస్తారు. ఆయన అవి చదివి నిజంగానే సంతోషిస్తారు.

ఆ రోజు శుక్రవారం. ఆదివారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

ఈ గౌను ఏమిటో చెప్పాలి. మూడేళ్ళ కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. అంతకుముందు ఆవిడంటే నాకు హడల్. నేను కుట్టిన జాకెట్టు పట్టుకుని, "ఇది దిష్టిబొమ్మకి తొడిగినా కాకులు నవ్విపోతాయే" అనేవారు. చీమ చిటుక్కుమంటే వంటింట్లోకి వచ్చేవారు. అలాంటి మనిషి ఒక పొద్దున మంచం మీదే ఉండిపోయారు. మాట ముద్దైపోయింది, ఒక పక్కంతా ఆవిడది కాకుండా పోయింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజు అందరూ డాక్టరు చెప్పింది విన్నారు, మందుల చీటీ చదివారు, మంచం కిటికీ దగ్గర వెయ్యాలా గోడ దగ్గరా అని వాదించుకున్నారు. ఆవిడకి బట్టలెవరు మారుస్తారని ఎవ్వరూ అడగలేదు. అది అడగాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అదే విచిత్రం. నేరుగా వెళ్ళి మార్చడం మొదలుపెట్టాను.

మొదటి నెల నరకం. నా చేతుల్లో ఆ చెయ్యి తడిబట్టలా బరువుగా ఉండేది. జాకెట్టు చేతిలో దూర్చబోతే భుజం దగ్గర ఆవిడ కెవ్వుమనేవారు. నాకు చెమట్లు పట్టేవి. ఆవిడ ఏడ్చేవారు, నేను గుమ్మం బయటికెళ్ళి ఏడ్చి వచ్చేదాన్ని. హాల్లోంచి మా ఆయన "ఏంటా అరుపులు, కొంచెం మెల్లిగా చెయ్యరాదూ?" అనేవారు. కసరత్తులు చేయించడానికి వచ్చిన అమ్మాయి చూసి, "అయ్యో, ఎవరూ చెప్పలేదా మీకు? పట్టులేని చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆఖర్న తియ్యాలి" అంది. ఒక్క ముక్క! ఆ ఒక్క ముక్క తెలియక నెల రోజులు ఇద్దరం చిత్రహింస పడ్డాం. ఆ తర్వాత కూడా భుజం నొప్పి తగ్గలేదు. ఒకరోజు విసుగొచ్చి నా గౌనే ఒకటి తెచ్చి, మెడ నుంచి చేతి అంచుదాకా కత్తెరతో బార్లా కోసేశాను. కోసినచోట వరసగా టిచ్ బటన్లు పెట్టాను. చేతిని దేంట్లోనూ దూర్చక్కర్లేదు. చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, బట్టే వచ్చి దాన్ని కప్పుకుంటుంది. టక్, టక్, టక్ అని నొక్కేస్తే అయిపోయింది. ఆవిడ అరవలేదు. అరవడానికి సిద్ధంగా తెరిచిన నోరు అలాగే ఉంచి, నా వంక చూశారు. తర్వాత ఎంతో కష్టపడి ఒక మాట కూడదీసుకున్నారు.

"కుట్టు... వంకర."

నాకు నవ్వాగలేదు. ఆవిడా ఒకవైపు నోటితో నవ్వారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మేమిద్దరం ఒకేసారి నవ్వడం అదే మొదలు.

ఎదురింటావిడ చూసి వాళ్ళ నాన్నకొకటి అడిగింది. ఆ నాన్నని చూడ్డానికొచ్చిన నర్సు నాలుగు అడిగింది. ఆన్‌లైన్‌లో పెట్టమన్నది ఆ నర్సే. మా ఆయన "పెట్టు, కాలక్షేపానికి బాగుంటుంది, ఇంట్లో ఊరికేగా ఉంటావు" అన్నారు. ఊరికే! పొద్దున్నుంచి రాత్రిదాకా ఇద్దరు మనుషుల ఒళ్ళు కడిగి, తుడిచి, తినిపించే మనిషి ఊరికే ఉంటుందట. రెండో మనిషి ఎవరంటారా, ఆయనే. ఆయన చేతులు రెండూ బాగానే ఉన్నాయి, అయినా చొక్కా నేనే అందించాలి. ఊళ్ళో ఉన్న ఆడపడుచు ఫోన్ చేసి, "అమ్మ జబ్బుని అమ్ముకుంటున్నావటగా వదినా" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు నా భుజంమీద అత్తగారి తల ఉంది, జుట్టు దువ్వుతున్నాను.

దుకాణం తెరిచిన కొత్తలో నేనొక ఘనకార్యం చేశాను. గౌను ఫొటోలు పెట్టాలి కదా. తీసేవాళ్ళేరి? మా ఆయన్ని అడిగితే "నాకు ఆఫీసుకి టైమవుతోంది, గౌన్ల ఫొటోలు తీస్తూ కూర్చోమంటావా" అన్నారు. నేనే గౌను తొడుక్కుని, బీరువా అద్దం ముందు నుంచుని, తల పడకుండా తీసి పెట్టాను. ఒక ఫొటోలో ఎడమ భుజం తెరుచుకునేది, ఇంకో ఫొటోలో కుడి భుజం తెరుచుకునేది. కింద మొదటి రకం, రెండో రకం అని మాత్రం రాశాను. చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాను. అద్దంలో ఎడమ కుడవుతుందన్న సంగతి, రోజుకి నాలుగుసార్లు అద్దం తుడిచే నాకు గుర్తులేదు. కుడి చెయ్యి పడిపోయిన వాళ్ళందరికీ ఎడమవైపు తెరిచే గౌన్లు వెళ్ళాయి, ఎడమ వాళ్ళకి కుడివి. వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగిరావడం మొదలుపెట్టాయి. ఒకటి, మూడు, ఏడు. కొరియర్ అతను గుమ్మంలో పొట్లాలు పేర్చుతూ, "ఏంటమ్మా, పుట్టింటికొచ్చేస్తున్నాయి అన్నీ" అన్నాడు. మా ఆయన "నేనప్పుడే అనుకున్నాను" అన్నారు. ఎప్పుడనుకున్నారో ఆయనకే తెలియాలి. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. కుట్టు తప్పా, కొలత తప్పా అని ఒక్కో గౌనూ తిప్పి తిప్పి చూశాను. ఏ తప్పూ కనపడలేదు.

తొమ్మిదో పొట్లంలో గౌనుకి గుండుసూదితో గుచ్చిన చీటీ ఉంది. ఆ అక్షరాలు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి. "అమ్మా, సార్ అని ఉంది గానీ ఇది కుట్టింది సార్ కాదని నాకు తెలుసు. మీరు ఫొటో అద్దంలో తీసుకున్నారు. వెనక గోడ గడియారంలో అంకెలు తిరగబడి ఉన్నాయి చూడండి. అందుకే వైపు మారిపోయింది. నా ఫొటోలు కూడా అన్నీ అద్దంలో తీసుకున్నవే, నన్ను తీసేవాళ్ళు లేరు. రెండో వైపుది పంపండి, ఆగుతాను."

చీటీ పట్టుకుని వంటింట్లో నేలమీద కూర్చుండిపోయాను. ఎక్కడో, నేను ఎన్నడూ చూడని ఊళ్ళో, నేను ఎన్నడూ చూడని మనిషి, నా ఇంటి గోడ గడియారం చూసి నా ఇల్లంతా చదివేసింది! నేను తలకాయ కోసేసి పెట్టిన ఫొటోలోంచి నన్ను పట్టేసుకుంది. పదేళ్ళుగా నాతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి కనపడనిది ఆమెకి అంత దూరం నుంచి ఎలా కనపడిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఫొటోలు మార్చాను. అంతటితో ఊరుకోలేదు. ఇక ఫొటో చూసి ఎంచుకోమనడం లేదు, ప్రతి ఆర్డరుకీ ఒక ప్రశ్న పంపుతాను. "కుట్టేది నేనే, ఆడదాన్నే. ఏ చెయ్యి?" అంతే. కుడి అనో, ఎడమ అనో ఒక్క మాట రాస్తే చాలు. ఒక్క మాటతో ఆపినవాళ్ళు లేరు! నేను అడిగింది చెయ్యి గురించి, వాళ్ళు చెప్పింది ఇంకేదో. "కుడి. మా అమ్మ టీచరు, ఇరవై ఎనిమిదేళ్ళు ఆ చేత్తోనే బోర్డుమీద రాసింది" అని ఒకామె. "కుడి, కానీ నిన్న చిటికెన వేలు కదిలింది. ఎవరికీ చెప్పలేదు, నా భ్రమ అంటారని. మీకు చెప్తున్నాను" అని ఒకామె. ఇంకొకామె రాసింది చదివి ఒక పూటంతా మిషన్ తొక్కలేకపోయాను. "మా ఆయనకి ఎడమ చెయ్యి. ఇన్నేళ్ళూ నామీద లేచిన చెయ్యి అదే. ఇప్పుడు రోజూ దాన్ని నేనే ఎత్తి, కడిగి, తొడుగుతున్నాను. బటన్లు కాస్త ఎక్కువ పెట్టండి, మధ్యలో చర్మం కనపడితే నాకు కష్టంగా ఉంది."

ఎక్కువ పెట్టాను. ఒక్కో బటనూ రెండుసార్లు బిగించి కుట్టాను.

ఇంతమంది ఉన్నారని నాకెప్పుడు తెలుసు? పొద్దున ఆరున్నరకి నేను అత్తగారి చెయ్యి ఎత్తుతున్నప్పుడు, అదే వేళకి ఎన్ని ఇళ్ళలో, ఎన్ని కిటికీల పక్కన, ఎంతమంది ఒక చేతిని ఎత్తుతున్నారు! ఎవరి ఇంట్లో వాళ్ళు, ఊరికే ఉంటూ! వాళ్ళందరూ ఒకసారి లేచి నిలబడితే ఎంత గుంపవుతుందో! నేను ఈ పని ఒక శిక్షలా చేస్తూ వచ్చాను, నా తలరాత అనుకుంటూ. ఇది ఒక విద్య అనీ, దాన్ని నేర్చుకున్నవాళ్ళం ఇంతమందిమి ఉన్నామనీ తెలిసేసరికి నామీద నాకే గౌరవం పుట్టింది.

ఒకామె మాత్రం, "నాకే. ఎడమ. ఇంట్లో ఎవరూ లేరు. ఒంటి చేత్తో నేనే తొడుక్కునేలా కుడతారా?" అని రాసింది. ఎలా కుట్టాలో తెలియలేదు. ఒక పొద్దున తువ్వాలుతో నా ఎడమ చెయ్యి నడుముకి కట్టేసుకుని, అత్తగారి గదిలోనే నేలమీద కూర్చుని, గౌను తొడుక్కోవడానికి ప్రయత్నించాను. బటను మగది దొరికితే ఆడది దొరకదు, రెండూ దొరికితే నొక్కడానికి ఎదురు ఆధారం లేదు. అరగంట కుస్తీ పట్టాను. అత్తగారు మంచం మీంచి చూస్తున్నారు. నన్ను వెక్కిరిస్తారనుకున్నాను. ఆవిడ కుడిచేత్తో మంచం అంచుని తట్టారు, రమ్మని. వెళ్తే, గౌను భుజాన్ని గడ్డం కింద అదిమిపెట్టి, బటనుని తన రొమ్ము ఎముకకి ఆనించి బొటనవేలితో నొక్కి చూపించారు. టక్! నేను పక్క గదిలో ఉన్నప్పుడు ఆవిడ ఎన్నిసార్లు ఒంటరిగా అభ్యాసం చేసి ఉంటే అది వచ్చింది! ముక్కున వేలేసుకున్నాను. పై బటనుని ఎముక మీదికి వచ్చేలా జరిపి కుట్టాను. ఆ కొత్త కొలతకి కారణం ఆవిడే, నాకు మిషన్ తొక్కడం వచ్చు, అంతే.

ఇదీ ఆయన ఇచ్చేసిన దుకాణం.

శనివారమంతా కుడుతూనే ఉన్నాను. ఆయనతో వాదించలేదు. వాదిస్తే ఏమంటారో నాకు ముందే తెలుసు. "నీ మంచికే కదా" అంటారు. "నా పేరు మీదుంది కాబట్టి నాకు బాధ్యత ఉంది" అంటారు. "ఇదేమన్నా ఉద్యోగమా?" అంటారు. ఆ మాటలన్నీ ఆయన నోట్లోంచి రాకముందే నా చెవుల్లో మోగుతుంటే ఇంకా అడగడమెందుకు? కానీ మిషన్ తొక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. బట్టల కొట్టాయన ఆ ప్రశ్న అడుగుతాడా? అడిగినా, వచ్చిన జవాబులు చదువుతాడా? చిటికెన వేలు కదిలిందని చెప్పుకోవడానికి ఆమె ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది?

ఆదివారం పదింటికి కొట్టాయన వచ్చాడు. నలభై పైనుంటాయి, మెళ్ళో టేపు వేలాడుతూనే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టున్నాడు. "నమస్తే చెల్లెమ్మా" అని, సంచిలోంచి రెండు గౌన్లు తీశాడు, నమూనాకని అప్పుడే కుట్టించేశాడట. ఒక ఫారం కూడా తీసి బల్లమీద పెట్టాడు. దుకాణం యజమాని పేరు మార్చడానికట. పాత యజమాని సంతకం, కొత్త యజమాని పేరు. అత్తగారి గది తలుపు తీసే ఉంది. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు, ఒళ్ళో దుప్పటి కప్పుకుని.

"ఇదిగో చెల్లెమ్మా, నేనొక మార్పు చేశాను, ఎలా ఉందో చెప్పు. కుడికొకటీ ఎడమకొకటీ ఎందుకు, రెండు వైపులా తెరిచేస్తే? ఎవరికైనా సరిపోతుంది, ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు."

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు. "అదే నేనూ ఎప్పట్నుంచో చెప్తున్నాను. ఈవిడ ఒక్కొక్కళ్ళకీ ఉత్తరాలు రాస్తూ కూర్చుంటుంది. పడుకునుండేవాళ్ళకి కుడైతేనేం ఎడమైతేనేంరా, తేడా ఏం తెలుస్తుంది?"

"పట్టున్న వైపు తిరిగి పడుకుంటారండీ" అన్నాను, కొట్టాయనతో. "అటువైపు కూడా బటన్లుంటే ఒంట్లోకి దిగుతాయి. పుండవుతుంది."

కొట్టాయన గౌను తిప్పి బటన్ల వరస మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాడు. చెయ్యి తీసి, పడిన గుంటలు చూసుకున్నాడు. "నిజమే" అన్నాడు మెల్లిగా. వ్యాపారస్తుడు కదా, ఇంకా తెలుసుకుందామని మా ఆయన వైపు తిరిగాడు. "మీ అమ్మగారికి ఏ చెయ్యిరా?"

"కుడి" అన్నారు మా ఆయన.

తడుముకోలేదు, ఆలోచించలేదు. నేను వింటున్నది నమ్మలేకపోయాను. మూడేళ్ళు! ఒకే కప్పు కింద మూడేళ్ళు! రోజూ ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నుంచుని "అమ్మా, బాగున్నావా" అని అడిగే కొడుకు.

లోపల కుర్చీ కిర్రుమంది. ముగ్గురం అటు చూశాం. అత్తగారు కుడిచేత్తో ఒళ్ళోని దుప్పటి లాగి కిందపడేశారు. ఆ చేత్తోనే తన ఎడమ మణికట్టు పట్టుకున్నారు. పట్టుకుని ఎత్తడం మొదలుపెట్టారు. ఆ చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు. రొమ్ముదాకా వచ్చి ఆగిపోయింది. నేను లేవబోయాను. ఆవిడ నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. ఎత్తారు. గడ్డం దాటి, చెవి దాకా, ఎముకలా పాలిపోయి ముడుచుకున్న వేళ్ళు కిటికీ వెలుతురులో కనపడేదాకా ఎత్తి, కొడుకు చూసేవరకూ అలాగే పట్టుకున్నారు. నా జన్మలో అలాంటిది చూడలేదు. చేతులు జోడించి నిలబడాలనిపించింది.

అప్పుడు నాకింకొకటి తట్టింది. కొడుకు వచ్చే వేళకి ఆవిడ రోజూ "దుప్పటి" అనేవారు. నేను కప్పేదాన్ని. చలేస్తోందేమో అనుకునేదాన్ని. చలి కాదు. కొడుకు చూస్తే బాధపడతాడని ఆవిడ దాచారు. ఆయనకి ఇబ్బంది అని నేను తలుపు వేసేదాన్ని, బట్టలు మార్చేశాక తీసేదాన్ని. మేమిద్దరం కలిసి ఒక నలభై ఏళ్ళ మనిషిని చంటిపిల్లాణ్ణి చేసి కూర్చోబెట్టాం. ఆయనకి తెలియకపోవడం వెనక మా ఇద్దరి చాకిరీ ఉంది.

కొట్టాయన తల వంచుకుని నేనిచ్చిన టీ కప్పులోకి చూస్తున్నాడు. "ఇరవై ఏళ్ళుగా బట్టలమ్ముతున్నాను చెల్లెమ్మా. తొడుక్కునేవాళ్ళ గురించే ఆలోచించాను. తొడిగేవాళ్ళుంటారని ఒక్కనాడూ తోచలేదు" అన్నాడు. తను కుట్టించిన గౌన్లు రెండూ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఫారం మాత్రం తీసుకోలేదు. "కొత్త యజమాని పేరు నేనింకా రాయలేదు" అని, నాకు నమస్కారం పెట్టి, మా ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మా ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు. తర్వాత, "నాకెప్పుడైనా చెప్పావా నువ్వు, ఎడమ చెయ్యని?" అన్నారు. ఆ గొంతులో కోపం ఉంది, కోపం వెనక ఇంకేదో ఉంది. జాలేసింది. ఇదివరకటి నేనైతే ఆ జాలితోనే వెళ్ళి ఇంకో కప్పు టీ పెట్టేదాన్ని.

"చెప్పలేదు. తప్పు నాదే" అన్నాను. ఫారం దగ్గరికి లాక్కుని, కొత్త యజమాని అని ఉన్నచోట నా పేరు రాశాను, పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో సహా, పూర్తిగా. రాసి పెన్ను ఆయన ముందు పెట్టాను. "పాత యజమాని సంతకం ఇక్కడట."

"ఇప్పుడివన్నీ ఎందుకు..."

"మీ అమ్మగారి ఏ చెయ్యి పనిచెయ్యదో తెలియని మనిషి ఫొటో ఆ దుకాణం మీద ఉండకూడదండీ. వాళ్ళు నమ్మి చెప్పుకుంటున్నారు."

ఆయన నా మొహంలోకి చూశారు. ఏం కనపడిందో తెలియదు. విసురుగా పెన్ను తీసుకుని సంతకం పెట్టారు, కాగితం కాస్త చిరిగింది. చిరిగినా చెల్లుతుంది.

"ఇంకొక మాట" అన్నాను. ఇది నేను ముందే అనుకున్నది కాదు, నోట్లోకి వచ్చాకే నాకూ తెలిసింది. "రేపట్నుంచి పొద్దున ఆరున్నరకి నేను మిషన్ దగ్గర కూర్చుంటాను. అమ్మగారికి బట్టలు మీరు మార్చాలి."

"నేనా? నాకేం చేతనవుతుంది? అమ్మకి ఇష్టముండదు. ఆడవాళ్ళ పని కదా, అమ్మ సిగ్గుపడుతుంది."

"అది అమ్మగారిని అడగండి."

"ఏమని అడగను? మాట కూడా సరిగ్గా రాదు పాపం..."

మేమింకా మాట్లాడుతుండగానే లోపల్నుంచి పిలుపు వినపడింది. ఈ మూడేళ్ళలో నీళ్ళకైనా, నొప్పికైనా, అర్ధరాత్రి మెలకువకైనా ఆవిడ పిలిచింది నన్నొక్కదాన్నే. అలవాటుకొద్దీ నా కాళ్ళు లేచాయి.

"ఒరేయ్" అన్నారు ఆవిడ. మాట ముద్దగా లేదు.

నేను కూర్చున్నాను.